వణికే డ్రోనుకు జాబర్ వైద్యం

మన పోరలు సైకిల్ రిపేరు దాటి డ్రోన్ల దాకా వచ్చిండ్రు. మా గల్లీలో పాలిటెక్నిక్ చదివే పిల్లగాడొకడు నాలుగు మోటార్లు, నాలుగు రెక్కలు, ఒక బోర్డు తెప్పించుకొని ఇంట్లోనే క్వాడ్‌కాప్టర్ కట్టిండు. నాయన టవల్ సాంచాల మీద, తల్లి బీడీల మీద. పెట్టె లేస్తుంది గానీ, లేవగానే చలిజ్వరం వచ్చినట్టు వణికి, పక్కకు ఒరిగి గోడకు తగులుతుంది. ఇప్పటికి ఐదు రెక్కలు విరిగినయి. "కాకా, ఇది నిలబడే సంగతేనా? లేకుంటె దీపావళి లోపల సామాను అమ్మి పైసలు తెచ్చుకొమ్మంట" అని నాయన నన్ను అడిగిండు. పిల్లగాడు తల ఎత్తలె. ఇట్లాంటి పెట్టె ఇంకా కొన్ని ఇండ్లల్ల ఉండే ఉంటది గనక జవాబు ఇక్కడే రాస్తున్న.

నాలుగు రెక్కల యంత్రం తనంతట తాను నిలబడదు. దాని గుణమే అంత. 1907లో ఫ్రాన్సులో బ్రెగే అన్నదమ్ములు కట్టిన నాలుగు చక్రాల రెక్కల యంత్రం నేల విడిచింది గానీ, నాలుగు మూలలా నలుగురు మనుషులు పట్టుకుంటేనే ఒరగకుండా ఉంది. ఇప్పుడు ఆ నలుగురి పని గోరంత చిప్పు చేస్తుంది. అందులో గైరో అనేది పెట్టె ఎంత వేగంగా ఒరుగుతుందో చెబుతుంది, యాక్సిలరోమీటరు కింద అనేది ఎటుందో చెబుతుంది. బోర్డు సెకనుకు వందల సార్లు ఈ కబురు విని ఏ మోటారును పెంచాలో, ఏది తగ్గించాలో చూసుకుంటది. కబురే తప్పయితే?

అందుకని అంకెలు ముట్టుకునే ముందు యంత్రాన్ని చూడాలె. పోరలు ఉల్టా చేస్తరు, ఫోనుల వీడియో చూసి సెట్టింగులు మారుస్తరు. బేరింగు అరిగిన సాంచాకు బెల్టు మారిస్తే గుడ్డ బాగుపడుతదా?

రెక్కలతో మొదలుపెట్టండి. సన్నని నున్నటి సీకు నడిమి రంధ్రంలో దూర్చి అడ్డంగా పట్టుకుంటే బరువు వైపు కిందికి దిగుతది. తేలిక వైపు చిన్న సెల్లో టేపు ముక్క అంటించి, ఎక్కడ ఆపితే అక్కడ ఆగేదాకా సరిచేయాలె. పట్టించుకోనంత చిన్న తేడా అని వదలొద్దు. వేగం రెండింతలయితే ఆ తేడా వల్ల పుట్టే అదురు నాలుగింతలవుతది. ఎదురెదురు మూలల రెక్కలు ఒకే దిక్కుకు, మిగతా రెండు ఉల్టా దిక్కుకు తిరగాలె. అప్పుడే ఒకదాని మెలిక ఇంకోదానితో కొట్టుకుపోయి పెట్టె గిర్రున తిరగదు. మోటారు అడుగు స్క్రూలు పొడుగైతే లోపలి రాగి చుట్టలకు తగుల్తయి, అదీ చూసుకోవాలె. బ్యాటరీ కట్టినంక నడిమధ్య రెండు వేళ్ల మీద ఎత్తితే పెట్టె సమంగా ఉండాలె. బోర్డు కింద మెత్తటి ఫోము. మన ఇండ్లల్ల ఇంకోటి, పింజ. గాలిలో ఎగిరే నూలు పింజ మోటార్లల్ల చుట్టుకుంటది. సాంచా పక్కన పెట్టి ఎగరేయొద్దు.

ఇగ అంకెల సంగతి. మిల్లుల్లో ఆవిరి ఇంజిన్లున్న కాలంలో వేగాన్ని అదుపు చేసే గోళాల గవర్నరు ఉండేది. అది మరీ చురుకైనదైతే ఇంజిను ఎక్కుతూ దిగుతూ ఊగేది. దీన్ని "హంటింగ్" అనేవాళ్లు. 1868లోనే మాక్స్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ఊగుడు మీద లెక్కలు కట్టి వ్యాసం రాసిండు. డ్రోను వణుకు కూడా ఆ జాతిదే. తర్వాత 1922లో మినోర్‌స్కీ ఓడ నడిపే చుక్కాని మనిషిని గమనించిండు. మంచి చుక్కానిదారుడు ఓడ దారి ఎంత తప్పిందని ఒక్కటే చూడడు. ఎంత వేగంగా తిరుగుతుందో చూసి ముందే ఆపుతడు, గాలి ఎంతసేపటి నుంచి ఒకే పక్కకు తోస్తుందో కూడా మనసులో పెట్టుకుంటడు. బోర్డులోని పీ, డీ, ఐ అనే మూడు అంకెలు వరుసగా ఆ మూడు చూపులే.

ఐ సున్నా, డీ కొంచెమే పెట్టి, పీని మెల్లగ పెంచండి. సన్నగా, వేగంగా వణకడం మొదలైన చోట ఆగి, నాలుగో వంతు తగ్గించండి. కర్ర కదిపి వదిలినప్పుడు అటు దాటి ఇటు వస్తుంటే డీ కొంచెం పెంచండి. దిగినంక మోటార్లను తాకి చూడాలె. చేయి పెట్టలేనంత వేడి ఉంటే డీ ఎక్కువైనట్టు, లేదా రెక్కల అదురు ఇంకా పోనట్టు. ఆఖరున ఐ. పడవలాగ మెల్లగ ఊగుతుంటే ఐ ఎక్కువైంది, తగ్గించండి. ఈ పరీక్షలన్నీ నడుమంత ఎత్తులో, బయట చేయాలె. నేలకు జానెడు ఎత్తున రెక్కల గాలే తిరిగొచ్చి పెట్టెను కదుపుతది. టేబుల్ మీద వైర్లు ముట్టే పని ఉంటే రెక్కలు ఊడదీసే చేయాలె. ఆ రెక్క వేలిని కోస్తది, సాంచాల మీద బతికే ఇంటికి వేలు ఎంతో నేను చెప్పక్కరలేదు.

మా పిల్లగాడి దగ్గర రెండు రెక్కలు సీకు మీద ధనాల్న పడ్డయి. అవి సరిచేసి, ఫోము మార్చి, పీ తగ్గించినంక వణుకు పోయింది. అయినా మెల్లగ పక్కకు జారుతుంటే నాయన మొహం వాడింది. నేను అడ్డం పడ్డ. ఈ బోర్డుకు సమంగా ఉండుడు తెలుసు, ఎక్కడున్నదో తెలియదు. కొద్ది గాలికి జరుగుతది, కర్రతో పిల్లగాడే తిప్పుకోవాలె. పెండ్లిళ్లల్ల వీడియో తీసే డ్రోను గాలిలో మేకు కొట్టినట్టు ఆగేది జీపీఎస్ తోటి, కింద చూసే కెమెరా తోటి. ఎత్తుకు గాలి ఒత్తిడి కొలిచే బేరోమీటరు ఉంటది. లక్ష పాస్కళ్లలో మీటరుకు మారేది సుమారు 12, అందుకే దాని మీద స్పాంజి కప్పుతరు. అవి లేని పెట్టె జారిందని కొడుకును తిట్టుడు న్యాయం కాదు. అమ్మొద్దు, ఉంచుకోమన్న.

బయట ఎగరేసే ముందు 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఏ చోట ఎగరేయొచ్చో సర్కారు మ్యాపులో చూడాలె. మన షోలాపూర్‌లో హోట్గీ రోడ్డు విమానాశ్రయం ఊరిని ఆనుకొనే ఉంది.

బ్యాటరీ సంగతి తల్లులు కూడా వినాలె. ఇది లిథియం పాలిమర్, సెల్లుకు 4.2 వోల్టులు నిండుదనం, 3.5 దగ్గర దించేయాలె. వాడకుండా పెట్టేటప్పుడు 3.8. దాని చార్జరుతోనే, మనిషి ముందు కూర్చున్నప్పుడే, నేల మీద బండ మీద పెట్టి చార్జి చేయాలె. రాత్రి షిఫ్టుకు పోతూ పెట్టి పోవద్దు. ఉబ్బిన బ్యాటరీ చార్జింగుకు పనికిరాదు, మట్టి కుండలో ఇసుక పోసి బయట ఉంచండి, నూలు కోన్ల పక్కన మాత్రం ఒక్క గంట కూడా పెట్టకండి.