హిస్సోపు నూనె కొనకండి, విత్తనం చల్లండి



పరిశుద్ధ దేశపు హిస్సోపు నూనె అని చెప్పి చిన్న చిన్న సీసాలు అమ్ముతున్నారు. గుమ్మానికి పూస్తే కీడు రాదట, నుదుట రాస్తే రోగం పోతుందట. కూలి డబ్బు పెట్టి కొన్నవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే. ఆ సీసా కొనకండి. హిస్సోపు మీద మనసుంటే విత్తనం తెచ్చి కుండీలో మొలిపించండి. దాన్ని పెంచినవారికి అది ఎంత మామూలు మొక్కో తెలుస్తుంది. వాక్యం చెప్పేదీ అదే.

బైబిలులోని హిస్సోపు ఇశ్రాయేలు, లెబానోను, సిరియా కొండరాళ్ల మధ్య మొలిచే ఒక అడవి మొక్క అని చాలామంది వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. అక్కడివారు దాన్ని జాతార్ అంటారు. మన తులసి, పుదీనా కుటుంబమే. ఆకు మీద నూగు, చిన్న తెల్లని పూలు, నలిపితే వాము వాసన. ఎండిన ఆకును నువ్వులు, ఉప్పు, సుమాక్ అనే పుల్లని కాయల పొడితో కలిపి, ఒలీవ నూనెలో తడిపి రొట్టెతో తింటారు. మనకు నువ్వుల పొడి ఎలాగో వారికి అది అలాగే. జనం మరీ ఎక్కువగా కోసేస్తున్నారని 1977లో ఇశ్రాయేలు ప్రభుత్వం దాన్ని రక్షిత మొక్కల్లో చేర్చింది. కాబట్టి విత్తనంతో పెంచుకోవడమే మేలు.

హిస్సోపు పేరుతో దొరికే ప్యాకెట్లలో సాధారణంగా ఉండేది నీలిపూల యూరప్ మొక్క. ఒరిగానమ్ సిరియాకమ్ అని అడిగి తెప్పించుకోండి. వానలు తగ్గాక, అక్టోబరు, నవంబరు నెలల్లో వేయండి. అడుగున రంధ్రమున్న కుండీలో ఎర్రమట్టి, ఇసుక సగం సగం నింపండి. విత్తనం ఆవగింజకంటే చాలా చిన్నది. దాని మీద మట్టి కప్పకండి, వెలుగు తగిలితేనే బాగా మొలుస్తుంది. పైన చల్లి అరచేత్తో మెల్లగా ఒత్తండి. చెంబుతో పోస్తే కొట్టుకుపోతుంది, నీళ్లు చిలకరించండి. మొలవడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు, ఓపిక పట్టండి. నాలుగైదు ఆకులొచ్చాక విడివిడిగా నాటండి. ఆ తర్వాత బాగా ఎండ కావాలి, మట్టి ఆరాకే నీళ్లు పోయాలి. వానాకాలంలో చూరు కింద పెట్టండి, లేకపోతే వేరు కుళ్లిపోతుంది.

తన వేరునే కాపాడుకోలేని ఈ మొక్క మన ఇంటిని కాపాడుతుందా? సొలొమోను చెట్లను గూర్చి మాట్లాడినప్పుడు ఒక కొసన లెబానోను దేవదారు ఉంది, రెండో కొసన గోడలో మొలిచే హిస్సోపు ఉంది (1 రాజులు 4:33). ఐగుప్తులో ఆ రాత్రి దేవుడు దేవదారు కొమ్మను అడగలేదు. ప్రతి ఇంటివాడికీ దొరికే హిస్సోపునే అడిగాడు (నిర్గమ 12:22). అది కుంచె మాత్రమే, ఇంటిని కాపాడింది గొర్రెపిల్ల రక్తం. గోడ తెల్లబడేది సున్నంతో గాని కుంచెతో కాదు కదా! దావీదు కూడా హిస్సోపుతో తనను పవిత్రపరచమని దేవుణ్ణే వేడుకున్నాడు, మొక్కను కాదు (కీర్తన 51:7). మన మనస్సాక్షిని శుద్ధిచేసేది క్రీస్తు రక్తమే (హెబ్రీ 9:14).

మరి యాకోబు నూనె రాయమన్నాడు కదా అని కొందరు అడుగుతారు. నిజమే. అయితే ఆ తర్వాతి వచనం చదవండి. రోగిని స్వస్థపరచేది విశ్వాసముతో చేసిన ప్రార్థన (యాకోబు 5:14, 15). ఏ దేశపు నూనె అని అక్కడ లేదు, వెల కూడా లేదు. ఇంట్లో ఉన్న నూనె చాలు.

కాబట్టి ప్రియులారా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆస్పత్రికి తీసుకెళ్లండి, సంఘ పెద్దలను పిలిచి ప్రార్థన చేయించుకోండి. సీసాకు పెట్టే డబ్బు మందులకు ఉంచుకోండి. కుండీలో హిస్సోపు ఎదిగాక నాలుగు ఆకులు కోసి రొట్టెలో వేసుకుని, దేవునికి స్తోత్రం చెప్పి తినండి.

ప్రభువు మీ ఇళ్లను దీవించును గాక. ఆమేన్.