గీత చెరిపేముందు...

హైదరాబాద్-విజయవాడ రహదారిలో సూర్యాపేట దగ్గర టీ కోసం ఆగే లారీ డ్రైవర్లను ఎప్పుడైనా గమనించారా? పాతికేళ్లు, ముప్ఫయ్యేళ్లు స్టీరింగు పట్టినవారిలో కుడి చెంప మీద ముడతలు ఎడమ చెంప కంటే ఎక్కువగా ఉండొచ్చు. అది ఒక్క వయసు చేసిన పని కాదు... ఎండ చేసింది! కిటికీ వైపు ఉండేది ఆ చెంపే కదా. 28 ఏళ్లు ట్రక్కు నడిపిన 69 ఏళ్ల వ్యక్తి ఫొటోను 2012లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ప్రచురించింది. అమెరికాలో డ్రైవరు సీటు ఎడమ వైపు. అందుకే ఆయన ముఖంలో ఎడమ సగం, కుడి సగానికి అన్నలా కనిపిస్తుంది!

కోదాడ పొలాల్లో నాట్లు వేసే మహిళలు, మిర్యాలగూడ మిల్లుల దగ్గర వడ్లు ఆరబోసేవారు, బైకు మీద ఊళ్లు తిరిగే కుర్రాళ్లు... అందరి చర్మం మీదా ఈ ఎండ దెబ్బ పడుతుంది. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచేది కొల్లాజెన్ అనే ప్రొటీన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని దెబ్బతీస్తాయి. సిగరెట్, బీడీ అలవాటు దానికి తోడైతే ముడతలు ఇంకా తొందరగా వస్తాయి. మన చామనఛాయ చర్మానికి మెలనిన్ కొంత రక్షణ ఇస్తుంది కాబట్టి తెల్లవారితో పోలిస్తే ముడతలు కాస్త ఆలస్యమే. కానీ మచ్చలు మాత్రం తొందరగా పడతాయి. చికిత్స ఎంచుకునేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అద్దం ముందు చిన్న పరీక్ష

అద్దంలో చూస్తూ బాగా నవ్వండి. తర్వాత ముఖాన్ని మామూలుగా వదిలేయండి. నవ్వినప్పుడు కంటి చివర పడిన గీతలు వెంటనే మాయమైతే అవి కండరాల కదలిక వల్ల వచ్చినవి. నవ్వు ఆపినా ఉండిపోతే చర్మంలో స్థిరపడినట్టు. ఇక ముక్కు పక్క నుంచి పెదవి చివరి దాకా దిగే గీత సంగతి వేరు. వయసుతో చెంపలోని కొవ్వు తగ్గి, చర్మం జారడం వల్ల అది లోతవుతుంది. పెద్దవాళ్లలో పళ్లు ఊడిపోయి చెంపలు లోపలికి పోయినా అంతే. అలాంటివారికి చర్మ వైద్యుడి కంటే ముందు దంతవైద్యుడు అవసరం. సరిగ్గా కుదిరిన కట్టుడు పళ్లతో ముఖం కొంత నిండుగా కనిపిస్తుంది.

పూత మందులు

డాక్టర్లు ముందుగా చెప్పేది సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలో జరిగిన ఓ అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో, ఇష్టమున్నప్పుడే రాసుకున్నవారి కంటే నాలుగున్నరేళ్లలో చర్మం ముదిరే మార్పులు 24 శాతం తక్కువ. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది చాలు. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పొలం పనిలో అది కుదరదంటారా? తలపాగా, కొంగు, వెడల్పు టోపీ ఉండనే ఉన్నాయి.

రెండోది ట్రెటినోయిన్. విటమిన్-ఎ నుంచి వచ్చిన ఈ క్రీమును రాత్రిపూట, శనగగింజంత, మొదట్లో రోజు విడిచి రోజు రాస్తారు. చర్మం ఎర్రబడి పొట్టు లేవడం మామూలే. ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదు. గర్భిణులు అసలు వాడకూడదు.

శనగపిండి, పెరుగు పట్టీలు చర్మానికి మెరుపునిస్తాయి తప్ప లోతైన గీతను చెరపలేవు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళితే మాత్రం చర్మం కమిలి నల్లమచ్చలు పడొచ్చు.

సూది మందులు

బోటాక్స్ కథ కంటి ఆసుపత్రిలో మొదలైంది. 1987లో కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కరుథర్స్ అనే కంటి డాక్టరు, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు ఈ మందు ఇచ్చారు. నుదుటి గీతలు కూడా పోయాయని రోగే చెప్పింది. చర్మ వైద్యుడైన భర్త అలస్టర్‌తో కలిసి ఆమె ఈ సంగతిని 1992లో ప్రచురించారు. కనుబొమల మధ్య గీతలకు అమెరికా 2002లో అనుమతి ఇచ్చింది. కండరాన్ని కొంతకాలం సడలించడమే దీని పని. మూడు నాలుగు నెలల్లో ప్రభావం తగ్గిపోతుంది. మళ్లీ సూది, మళ్లీ ఖర్చు!

ముక్కు పక్క గీతకు సాధారణంగా వాడేది ఫిల్లర్. హైలురోనిక్ ఆమ్లం జెల్‌ను సూదితో నింపుతారు. రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ నిలుస్తుంది. అరుదే అయినా పెద్ద ప్రమాదం ఒకటుంది. జెల్ రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడొచ్చు, చూపే పోవచ్చు. దాన్ని కరిగించే హైలురోనిడేజ్ మందు క్లినిక్‌లో సిద్ధంగా ఉందా అని ముందే అడగండి. హైదరాబాద్‌లో చేయించుకుని కోదాడ బస్సెక్కేవారు ఇంకో ప్రశ్న కూడా అడగాలి... రాత్రి నొప్పి పెరిగినా, చర్మం తెల్లబడినా, చూపు మసకబారినా ఎవరికి ఫోన్ చేయాలి?

లేజర్, పీల్

లేజర్, కెమికల్ పీల్ పైచర్మాన్ని తొలగించో, వేడితోనో కొత్త కొల్లాజెన్‌ను పుట్టిస్తాయి. మన చర్మ ఛాయకు వీటితో నల్లబడే ముప్పు ఎక్కువ. అమ్మాయి పెళ్లి వారంలో ఉందనగా అమ్మ లేజర్‌కు వెళ్లడం అందుకే తెలివైన పని కాదు. చేయించుకోవాలనుకుంటే కొన్ని నెలల ముందే డాక్టరును కలవాలి.

ఇవి మాత్రం వద్దు

తక్కువ డబ్బుకు దొరికే క్రీముల్లో స్టెరాయిడ్లు ఉంటే ముఖం మొదట్లో మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్రని నరాలు తేలతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట ఇంకా పెరుగుతుంది. చీటీ లేకుండా అమ్మకూడదంటూ 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. మందుల షాపులో 'అందరూ ఇదే వాడుతున్నారు' అన్న మాట వినగానే ట్యూబు మీది పేరు చదవండి. అనుమానముంటే డాక్టరుకు చూపించండి.

బ్యూటీపార్లర్‌లో ఫేషియల్ చేయించుకోవచ్చు గానీ ఇంజెక్షన్ వద్దు. చర్మవ్యాధుల్లో ఎండీ గానీ డిప్లొమా గానీ ఉందా, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని అడగడం మర్యాద తప్పడం కాదు. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. చర్మ వైద్యుల సలహా కోసం ప్రతిసారీ హైదరాబాద్ దాకా పరుగెత్తాల్సిన పనిలేదు.

గీత మాయమైతే...

చివరగా ముఖ్యమైన మాట. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి ఒకవైపు నవ్వు గీత మాయమై, మూతి పక్కకు లాగితే అది అందం సంగతి కాదు. చేయి బలహీనపడినా, మాట తడబడినా పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. పసరు కోసం వెతుకుతూ ఆ సమయాన్ని పోగొట్టుకోకండి... వెంటనే 108కి ఫోన్ చేయండి.