ఇల్లుండగా పునరావాసమేమిటి?



గడచిన ఆదివారం దినపత్రికలో ఒకే పుటలో రెండు వార్తలు చదివాను. ఒకటి పోలవరం ముంపు గ్రామాల నిర్వాసితుల పునరావాసం గురించి. రెండవది పక్షవాత రోగుల కోసం ఒక ఆసుపత్రివారు తెరిచిన ‘పునరావాస విభాగం’ గురించి. ముప్పైరెండేళ్ళు బడిపిల్లల చేత సంధులు విడదీయించినవాణ్ణి గనుక నా కన్ను వార్తల మీద గాక మాట మీద పడింది. పునః, ఆవాసం. మళ్ళీ ఇల్లు. ముంపు గ్రామం వారికి ఇల్లే పోయింది గనుక వారి విషయంలో ఆ మాట తగినదే. పక్షవాతం వచ్చిన మనిషికి ఇల్లెక్కడ పోయింది? ఇల్లున్నది, గడప ఉన్నది, ఆ గడప దాటే కాలు పోయింది.

ఇంగ్లీషువారి రీహాబిలిటేషన్ అన్న మాటకు మూలం లాటిన్‌లోని ‘హబిలిస్’. తగినది, సమర్థమైనది అని అర్థం. పోయిన సామర్థ్యాన్ని మళ్ళీ కలిగించడం అన్నది అందులోని భావం. మనవాళ్ళు నిర్వాసితుల విషయంలో వాడే మాటను ఆసుపత్రికి కూడా తగిలించి చేతులు దులుపుకున్నారు. ఇది పండితుల చాదస్తమని నవ్వేవారు నవ్వవచ్చు. ‘పునరావాస కేంద్రం’ అనగానే మన బంధువర్గానికి మనసులో మెదిలేది అనాథాశ్రమమో, తాగుడు మాన్పించే చోటో. “అయ్యో, ఆవిడను అక్కడ చేర్చారా? ఇంట్లో చూసుకునే దిక్కు లేకనా?” అని మా దూరపు బంధువు ఒకాయన నన్ను ముఖం మీదనే అడిగాడు. మాట తప్పయితే మర్యాద కూడా తప్పుతుందని ఆనాడు తెలిసింది.

2022 ఫిబ్రవరిలో మా ఇంటావిడకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోబాటు మాట, మూడూ ఒక్క ఉదయాన పోయాయి. వేళకు ఆసుపత్రికి చేర్చగలిగాము. అక్కడి వైద్యులు ప్రాణం నిలబెట్టారు. అందుకు వారికి చేతులెత్తి మొక్కుతాను. తొమ్మిదవ రోజున ఇంటికి పంపారు. ఇచ్చిన కాగితంలో పదకొండు మందుల పేర్లు, ఒక్కొక్కటి ఏ పూట, భోజనానికి ముందా వెనుకా, అన్నీ ఉన్నాయి. చిట్టచివర రెండే రెండు ఇంగ్లీషు మాటలు: ఫిజియోథెరపీ అడ్వైజ్డ్. కర్మణి ప్రయోగం. కర్త లోపించింది. ఎవరు చేయాలి, ఎక్కడ, ఎన్నాళ్ళు, ఎంతసేపు? ఆ వాక్యాన్ని ఎనిమిదవ తరగతి పిల్లవాడు వ్రాస్తే నేను మార్కులు వేయను. దాన్ని నమ్ముకొని ఒక మనిషిని మంచం మీద ఇంటికి తెచ్చుకున్నాము.

ఇంట్లో మేము చేసిన ఘనకార్యాలు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది, అయినా చెబుతాను. లేపి కూర్చోబెట్టేటప్పుడు పడిపోయిన చేతినే పట్టుకొని లాగేవాళ్ళం. పట్టు తప్పిన కండరాలు ఆ భుజాన్ని నిలుపలేవనీ, లాగితే కీలు జారుతుందనీ మాకెవరూ చెప్పలేదు. పడుకోబెట్టి పలుచటి జావ తాగించేవాణ్ణి. ఆమెకు పొలమారేది. మింగే కండరాలు కూడా దెబ్బతిన్నవనీ, గొంతులోకి పోవలసినది ఊపిరితిత్తుల్లోకి పోతున్నదనీ జ్వరం వచ్చాక తెలిసింది. మా బావమరిది పావురం రక్తం రాస్తే నరాలకు వేడి పుడుతుందన్నాడు. దానికి నేను ఒప్పుకోలేదు గాని, నూనె మాలీషు మనిషిని మాత్రం పెట్టాము. రెండు గంటలకొకసారి పక్క మార్చాలన్న సంగతి తెలియక నడుము దిగువన చర్మం కమిలింది. ఇదంతా ప్రేమతోనే చేశాము. ఒక్క పని కూడా ఆమెను చేయనిచ్చేవాణ్ణి కాదు. దువ్వెన నేనే పట్టేవాణ్ణి, ముద్ద నేనే కలిపేవాణ్ణి.

నలభై రోజులకు, నా దగ్గర చదువుకొని ఇప్పుడు ఫిజియోథెరపిస్టుగా ఉన్న అమ్మాయి చూడవచ్చింది. పది నిమిషాలు చూసి, “మాస్టారూ, మీరు అమ్మగారి చేత ఏ పనీ చేయించడం లేదు కదూ?” అన్నది. మెచ్చుకుంటున్నదనుకొని అవునన్నాను. “అదే తప్పండీ” అన్నది.

ఆ అమ్మాయి పట్టుబట్టగా హైదరాబాదులోని ఒక ఆసుపత్రి వార్డులో చేర్చాము. ఐదు వారాలున్నాము. అక్కడ మంచం మీద పడుకోవడానికి పేషెంటుకు దొరికే సమయం బహుస్వల్పం. పొద్దున మంచం అంచున కాళ్ళు కిందికి వేసి, ఎవరూ పట్టుకోకుండా కూర్చోవడం. అది కుదిరిన రోజున నిలబడడం. మొదటిసారి నిలబడినది పదకొండు సెకండ్లు. లెక్కపెట్టినవాణ్ణి నేనే. తరువాత రెండు కడ్డీల నడుమ నడక. మధ్యాహ్నం మరొకరు వచ్చి చేతి పని చేయించేవారు. దీన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. మనవాళ్ళు దీన్ని కూడా ‘వృత్తి చికిత్స’ అని అనువదించి కూర్చున్నారు. మా ఇంటావిడకు ఏ వృత్తీ లేదు, ఆ వయసులో ఏ ఉద్యోగానికీ పంపబోము. ఆ చికిత్సలో నేర్పినది రవిక తొడుక్కోవడం, ముందు పడిపోయిన చెయ్యి దూర్చి తరువాత మంచి చెయ్యి దూర్చడం, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పెట్టుకోవడం, స్నానాల గదిలో పడకుండా ఒక బల్ల మీది నుండి మరొక బల్ల మీదికి జరగడం.

భోజనం దగ్గర పెద్ద తగవే వచ్చింది. ఎడమ చేత్తో తినమంటే ఆమె నోరు బిగించుకున్నది. మాట లేకపోయినా ఆ ‘వద్దు’ అందరికీ అర్థమైంది. ఆ థెరపిస్టు వాదించలేదు. లావుపాటి పిడి తొడిగిన చెంచా తెచ్చి కుడి చేతిలోనే ఉంచి, వేళ్ళ చుట్టూ పట్టీ కట్టి, మోచేతి కింద తన చెయ్యి ఆనించింది. మూడవ వారంలో పెరుగన్నం సగం ఒళ్ళో పడ్డా సగం నోటికి చేరింది. ఇది మందు వల్ల జరిగే పని కాదు. దెబ్బతిన్న మెదడులో మిగిలిన భాగం పాత పనిని కొత్తదారిన నేర్చుకోవాలి. నేర్చుకోవాలంటే ఒకే పనిని వందలసార్లు చేయాలి, చేసేటప్పుడు తప్పు సవరించే మనిషి పక్కన ఉండాలి. ఆ నేర్పు మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా పట్టుబడుతుంది. వాటిలో నలభై రోజులు మేము పావురాల మీదా మాలీషుల మీదా పారబోసుకున్నాము.

మాట సంగతి వేరుగా చెప్పాలి. ఆమెకు మిగిలిన మాట ఒక్కటే, “ఏమండీ”. నర్సును పిలిచినా ఏమండీ, దాహమైనా ఏమండీ, కోపం వచ్చినా అదే. మంచినీళ్ళు అనలేని మనిషి మంగళహారతి పాట ఎత్తుకుంటే మాత్రం చరణం చివరిదాకా తడబడకుండా పాడేది. పాటకూ మాటకూ మెదడులో దారులు వేరని అక్కడివారు చెప్పారు. నేను పండితుణ్ణి గదా, ఆమె తడబడినప్పుడల్లా సరైన మాట అందించేవాణ్ణి. రెండవ రోజున స్పీచ్ థెరపిస్టు నన్ను వినయంగానే గది బయట కూర్చోమన్నది. జీవితంలో తరగతి గది నుండి నన్ను బయటికి పంపినది ఆమె ఒక్కతే. న్యాయంగానే పంపింది. అందిస్తూ పోతే వెతుక్కునే శ్రమ ఆమెకు లేకుండా పోతుంది, ఆ వెతుకులాటే చికిత్స.

అయితే వారి బొమ్మల అట్టలను మాత్రం నేను తప్పుబట్టాను. రొట్టెలు కాల్చే యంత్రం, మంచుబొమ్మ, గిటారు. మా ఇంటావిడ ఆరోగ్యంగా ఉన్ననాడు కూడా వాటికి పేరు చెప్పేది కాదు. ఆ రాత్రి అట్ట ముక్కల మీద చేట, తిరగలి, కుంకుమ భరిణె, కవ్వం, గంధపు సాన గీశాను. మర్నాడు చూపిస్తే చాలాసేపు పెదవులు కదిపి “చేట” అన్నది. పోయిన మాట తిరిగి వచ్చేటప్పుడు ఇంట్లో వాడిన మాటగానే వస్తుంది. ఈ సంగతి తెలుగు దేశంలో ఉన్న ప్రతి స్పీచ్ థెరపీ గదికీ తెలియాలి.

ఇక అసలు తగవుకు వస్తాను. ఐదు వారాల ఖర్చు ఇవ్వమని బీమా కంపెనీకి అర్జీ పెట్టాము. మా అబ్బాయి ఏళ్ళ తరబడి కట్టిన బీమా అది. రీహాబిలిటేషన్ మినహాయింపుల కిందికి వస్తుందని ఒక్క వాక్యంలో తిరస్కరించారు. ఆ మినహాయింపు ఎక్కడిదా అని వెతికాను. 2019లో బీమా నియంత్రణ సంస్థ అన్ని కంపెనీలకూ ఒకే తీరున నిర్దేశించిన మినహాయింపులలో అయిదవది. దాని శీర్షికలో విశ్రాంతి చికిత్స, రీహాబిలిటేషన్, సంరక్షకులకు ఊరట కలిగించే సేవ, ఈ మూడింటినీ ఒక గాట కట్టారు. కింద వివరణ చూడండి: చికిత్స కోసం గాక ప్రధానంగా మంచం మీద విశ్రాంతి కోసమే చేరినప్పుడు అయ్యే ఖర్చు ఇవ్వబడదు అని దాని తాత్పర్యం. అయ్యా, సూత్రానికీ శీర్షికకూ పొంతన ఎక్కడున్నది? మంచం మీది నుండి లేపడమే పనిగా పెట్టుకున్న వార్డును మంచం మీద పడుకోబెట్టే వార్డుతో కలిపి ఒకే పద్దు కింద కొట్టివేయడం ఏ తర్కం? మోకాలి చిప్ప మార్చడానికి లక్షలు ఇస్తారు. ఆ మోకాలితో నడవడం నేర్పే ఆసుపత్రి మంచానికి మాత్రం అడ్డుపుల్ల వేయడానికి ఈ శీర్షిక ఉన్నది.

ప్రభుత్వం మాట చూద్దాం. 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత రోగులకు పింఛను నెలకు 5,000 నుండి 15,000 రూపాయలకు పెంచింది. మంచి పని. ఆ పింఛను మీద ఒక్క పైసా తగ్గించమని నేననను. కాని లేవలేని వానికి నెలనెలా జీవితాంతం ఇవ్వగలిగిన ఖజానా, వానిని లేపడానికి మొదటి మూడు నెలల్లో ఐదారు వారాల మంచం ఎందుకివ్వదు? మీ మీ జిల్లా ఆసుపత్రికి వెళ్ళి చూసి రండి. ఫిజియోథెరపీ గది ఉంటుంది, సైకిలు ఉంటుంది, ఆటోలో వచ్చి అరగంట చేయించుకొని పోయేవారుంటారు. ఉంచుకొని, మింగడం మొదలు మెట్లెక్కడం దాకా నేర్పి పంపే వార్డు ఉన్నదో లేదో అడగండి.

ఇంటివారికి నేర్పి పంపితే సరిపోదా అనేవారున్నారు. నాకూ మొదట అదే సబబనిపించింది. మన దేశంలోనే 14 ఆసుపత్రులలో 1250 మంది పక్షవాత రోగుల మీద ఈ పద్ధతిని పరీక్షించి, 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంటికి పంపినవారిలోనూ, మామూలుగా పంపినవారిలోనూ ఆరు నెలల తరువాత మరణించినవారు, పరాధీనులైనవారు కలిపి ఇంచుమించు సమానమే. వార్డులో ఉంచితే బాగుపడతారని దీనివల్ల రుజువు కాలేదు, ఆ మాట నేననను. కాని భారమంతా కోడలి మీదా కూతురి మీదా వేసి, ఇది మన కుటుంబ వ్యవస్థ గొప్పతనమని ఉపన్యాసాలిచ్చేవారు ఇకనైనా కొంచెం గొంతు తగ్గించాలి.

మరి కొందరు ఇదంతా అమెరికా వేషమంటారు. చిత్తూరు, నెల్లూరు వారు నిత్యమూ వెళ్ళివచ్చే వెల్లూరులో మేరీ వర్గీస్ అనే వైద్యురాలు ఉండేవారు. 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింది స్పర్శ పోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. న్యూయార్కులో ఈ విద్య నేర్చుకొని వచ్చి, 1966లో వెల్లూరులో రోగులను ఉంచి నేర్పే సంస్థను ప్రారంభించారు. దేశంలో అటువంటివాటిలో మొదటిదని దానికి పేరు. నేర్చుకొని వచ్చినది అమెరికాలోనే కావచ్చు. ఇక్కడ అది మొదలై దాదాపు అరవై ఏళ్ళయింది.

మా పక్క మంచం మీద తాటిచెట్టు పైనుండి పడిన ఒక గీతకార్మికుడు ఉండేవాడు. రెండు కాళ్ళూ కదలవు. మూత్రం తానే గొట్టంతో తీసుకోవడం నేర్చుకుంటున్నాడు. కుర్చీలో కొద్ది నిమిషాలకొకసారి చేతుల మీద ఒళ్ళు పైకెత్తి, పుండ్లు పడకుండా చూసుకోవడం నేర్చుకుంటున్నాడు. నాలుగవ రోజుకల్లా మా ఇంటావిడను ‘అమ్మా, ఇయ్యాల ఎన్ని అడుగులు?’ అని పందెం వేసేవాడు. పన్నెండవ రోజున అతని తమ్ముడు వచ్చి డబ్బులైపోయాయన్నాడు. మంచం మీది నుండి కుర్చీలోకి ఒంటరిగా జరగడం అతనికి ఇంకా రాలేదు. అది మరునాటి పాఠం. ఆ సాయంత్రమే తీసుకొనిపోయారు. మాకు మా అబ్బాయి డబ్బు పంపాడు గనుక ఐదు వారాలున్నాము. అంతకు మించి మాలో విశేషమేమీ లేదు.

మా ఇంటావిడ ఇప్పుడు చేతికర్రతో వీధి చివరిదాకా నడుస్తుంది. చిన్న వాక్యాలు మాట్లాడుతుంది. కుడిచేత్తో పట్టుకోగలదు, వ్రాయలేదు. భుజం నొప్పి పోలేదు. అది మా నలభై రోజుల పుణ్యం.

బీమావారికి శీర్షికకూ సూత్రానికీ గల వైరుధ్యాన్ని చూపుతూ మరొక అర్జీ వ్రాశాను, ఈసారి తెలుగులో. వారు చదవరని తెలుసు. ఆ అర్జీలో పునరావాసం అన్న మాట వాడలేదు. ‘మరునేర్పు’ అని వ్రాశాను, మరుజన్మలోని ‘మరు’, చేతి ‘నేర్పు’. సంస్కృత తెలుగు పదాల కలయిక మీద అభ్యంతరం చెప్పేవారికి ముందే మనవి, రెండూ అచ్చతెనుగు మాటలే. దీనికన్న మంచి మాట మీకెవరికైనా తోస్తే దయచేసి చెప్పండి. అర్జీ ఇంకొక ప్రతి పైవారికి పంపవలసి ఉన్నది, అందులో మార్చి వ్రాస్తాను.