ఎడమకాలికి ఎంత పని!

కారు కొనాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. డబ్బు లెక్క కుదిరింది. తెలుపా, ఎరుపా అని పిల్లలు కొట్టుకోవడమూ ముగిసింది. తీరా షోరూములో కూర్చున్నాక అసలు పంచాయితీ మొదలైంది. 'మాన్యువలా సార్, ఆటోమేటిక్కా?' అన్నాడు సేల్స్ కుర్రాడు. కొడుకు ఠక్కున 'ఆటోమేటిక్' అన్నాడు. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన తండ్రి మొహం చిట్లించాడు. 'గేరు లేని బండీ ఓ బండేనట్రా? అంతకంటే స్కూటీ కొనుక్కో' అన్నాడు. కోడలు పక్కనే కూర్చుంది. డ్రైవింగు స్కూల్లో ఈమధ్యే చేరింది. ఆ కారులో రోజూ పిల్లల్ని బడిలో దించి ఆఫీసుకు వెళ్లాల్సింది ఆవిడే. అయినా ఆవిణ్ని ఎవరూ అడగలేదు.

ఊరు ఏదైనా ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే వరస. ఒకప్పుడు ఈ గొడవే లేదు. ఆటోమేటిక్ కారంటే పెద్దోళ్ల వ్యవహారం. ధర ఎక్కువ, పెట్రోలు తాగేస్తుందన్న భయం ఇంకా ఎక్కువ. 2014 ఆటో ఎక్స్‌పోలో మారుతి సెలెరియో వచ్చాక లెక్క మారింది. మధ్యతరగతికి అందే ధరలో, మైలేజీ తగ్గకుండా, క్లచ్చి లేని కారు దొరకడం మొదలైంది. అక్కణ్నుంచి మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. చిక్కేమిటంటే, షోరూములో వినిపించే 'ఆటోమేటిక్' అన్న ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు యంత్రాలున్నాయి. వాటి గుణాలు వేరు, ఖరీదులు వేరు, రోగాలూ వేరు. ఆ తేడా తెలియకుండా బయానా ఇచ్చేస్తే తర్వాత బాధపడాల్సి వస్తుంది.

ఇంతకీ గేరు ఎందుకు? ఇంజనుకు ఓ బలహీనత ఉంది. మరీ నెమ్మదిగా తిరిగితే ఆగిపోతుంది. చక్రాలు మాత్రం సిగ్నలు పడ్డప్పుడల్లా ఆగాల్సిందే. తిరిగే ఇంజన్నీ ఆగిన చక్రాల్నీ కాసేపు విడదీసి మళ్లీ మెల్లగా కలపడం క్లచ్చి పని. ఎత్తు ఎక్కేటప్పుడు బలం, చదును రోడ్డు మీద వేగం ఇవ్వడం గేర్ల పని. మాన్యువల్ కారులో ఈ రెండూ మనిషే చేయాలి. ఖాళీ రోడ్డు మీద అదో సరదా. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలోనో, బెజవాడ బెంజి సర్కిల్ దగ్గరో అదే శిక్ష. ఇంటి నుంచి ఆఫీసుకు చేరేలోగా క్లచ్చి ఎన్నిసార్లు నొక్కారో ఒక్కరోజు లెక్కపెడితే చాలు, రాత్రి ఎడమ మోకాలు ఎందుకు సలుపుతోందో తెలిసిపోతుంది.

నాలుగు రకాల్లో చవకైంది ఏఎంటీ. నిజానికిది మాన్యువల్ కారే. అదే గేరుబాక్సు, అదే క్లచ్చి. కాకపోతే వాటిని నడిపే కాలూ చేయీ మనవి కావు. కంప్యూటరు చెప్పినట్టు చిన్న యంత్రాలే క్లచ్చి నొక్కి గేరు మారుస్తాయి. అందుకే మైలేజీ మాన్యువల్‌తో దాదాపు సమానం. ధర కూడా అదే మోడలు మాన్యువల్ కంటే యాభై వేలు అటూఇటూగా ఎక్కువ, అంతే. ఇబ్బంది ఎక్కడంటే గేరు మారే ప్రతిసారీ ఓ క్షణం బండి తటపటాయిస్తుంది. లోపల కూర్చున్నవాళ్ల తలలు 'సరే సరే' అన్నట్టు ఊగుతాయి. యాక్సిలరేటరు మీద కాలు కాస్త వదిలి మళ్లీ నొక్కితే ఆ ఊపు చాలావరకు తగ్గుతుంది. ఈ కిటుకు తెలియనివాళ్లే ఏఎంటీని ఎక్కువగా తిడతారు. ఈ రకం కార్లలో చాలావాటికి పార్కింగు కోసం 'పి' గుర్తు కూడా ఉండదు. ఇంజను ఆపేముందు గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయాలి.

రెండోది సీవీటీ. పేరు కొత్తగా ఉన్నా ఇది మన వీధుల్లో 1984లో కైనెటిక్ హోండా వచ్చినప్పటి నుంచీ తిరుగుతున్నదే. గేరు లేని పెట్రోలు స్కూటర్లలో ఉండేది ఈ సూత్రమే. రెండు కప్పీలు, మధ్యలో ఓ బెల్టు. ఒక్కో కప్పీ రెండు సగాలూ దగ్గరవుతూ దూరమవుతూ ఉంటే బెల్టు పైకీ కిందికీ జరిగి, గేర్ల మెట్లే లేకుండా వేగం మారిపోతుంది. నెదర్లాండ్స్‌లోని డాఫ్ కంపెనీ 1958లోనే రబ్బరు బెల్టుతో ఇలాంటి కారు చేసింది. ఇప్పటి కార్లలో ఉక్కు బెల్టు. కాబట్టి ఆర్టీసీ తండ్రిగారు 'స్కూటీ కొనుక్కో' అని ఎగతాళిగా అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు! నగరంలో దీని అంత మెత్తగా నడిచేది మరోటి లేదు. వెనక సీట్లో అమ్మమ్మ హాయిగా నిద్రపోతుంది. కానీ హైవే మీద లారీని దాటాలని కాలు గట్టిగా నొక్కితే ముందు ఇంజను అరుస్తుంది, బండి ఆ తర్వాతే తీరిగ్గా కదులుతుంది. తొందర మనిషికి ఇది సరిపడదు.

మూడోది టార్క్ కన్వర్టరు. ఇది అన్నిటికంటే పెద్దమనిషి. రెండు టేబులు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్చి వేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా. గాలి బదులు నూనె ఉంటే ఇదే. ఇంజనుకూ చక్రాలకూ మధ్య గట్టి లంకె లేదు కాబట్టి ఆగినా ఇంజను ఆగిపోదు, కదిలినా కుదుపు ఉండదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1939లో తెచ్చిన హైడ్రామాటిక్‌తోనే నూనె మీద నడిచే ఆటోమేటిక్ జనంలోకి వచ్చింది. అక్కణ్నుంచి ఎనభై ఏళ్లకు పైగా చెక్కుతూ వచ్చిన యంత్రమిది. పెద్ద డీజిలు బళ్లకు, బరువులకు, కొండలకు ఇదే సరైన జోడీ. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుందన్న పాత చెడ్డపేరు ఇప్పుడు చాలావరకు పోయింది. ధర మాత్రం లక్ష దాకా, కొన్నిట్లో అంతకు పైనే ఎక్కువ.

నాలుగోది డీసీటీ. ఇందులో రెండు క్లచ్చిలు. ఒకటి బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు. మూడో గేరులో వెళ్తుండగానే నాలుగోది సిద్ధమై కూర్చుంటుంది. రెప్పపాటులో మారిపోతుంది. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో రోడ్డు కార్లలోకి దిగింది. నడపడం ఇష్టపడేవాళ్లకు ఇది పండగే. అయితే నూనెలో మునిగి ఉండే క్లచ్చిల రకం వేరు, పొడి క్లచ్చిల రకం వేరు. పొడి రకాన్ని గంటల తరబడి నత్తనడక ట్రాఫిక్‌లో పాకిస్తే వేడెక్కిపోతుంది. చెడితే రిపేరు బిల్లు చూసి యజమానీ వేడెక్కాల్సిందే. కొనేముందు ఏ రకమో అడగడం మంచిది.

ఈ తేడాలన్నీ ఒకే కారులో చూడాలంటే పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి 2019లో బయటికొచ్చిన కియా సెల్టోస్‌ను గుర్తుచేసుకోవచ్చు. మాన్యువల్ కాక మామూలు పెట్రోలు ఇంజనుకు సీవీటీ, డీజిలుకు టార్క్ కన్వర్టరు, టర్బో పెట్రోలుకు డీసీటీ పెట్టారు. అంటే కొనేవాడు గేరుబాక్సు ఒక్కటే విడిగా ఎంచుకోలేడు, దాంతోపాటు ఇంజనూ వచ్చి పడుతుంది. చాలా కంపెనీల్లో ఇదే పద్ధతి. ఇక క్లచ్చి లేకుండా గేరు మాత్రం చేత్తో మార్చే ఐఎంటీ కూడా 2020లో హ్యుందాయ్ వెన్యూతో వచ్చింది. అటు ఆటోమేటిక్కూ కాదు, ఇటు మాన్యువలూ కాదు. కాలు నొప్పి ఉండి గేరు మీద మమకారం చావనివాళ్లకు బాగానే ఉంటుంది.

ధర దగ్గర ఓ మెలిక

లక్ష తేడా అంటే లక్షతో పోదు. లైఫ్ ట్యాక్సు కారు ధరను బట్టి శ్లాబుల్లో ఉంటుంది. మాన్యువల్ మోడలు పది లక్షలకు లోపున్నా, ఆటోమేటిక్ ఆ గీత దాటితే ట్యాక్సు శాతమే పెరిగిపోతుంది. ఇన్సూరెన్సు, ఈఎమ్ఐ వడ్డీ కూడా తోడవుతాయి. కాబట్టి షోరూము ధరలు కాకుండా 'ఆన్ రోడ్' ధరలు రెండూ పక్కపక్కన రాయించుకుని చూడాలి. మరోవైపు మాన్యువల్ కారుకు ట్రాఫిక్‌లో క్లచ్చి ప్లేట్లు అరిగి, మార్చడానికయ్యే ఖర్చును ఎవరూ లెక్కలో వేయరు. నెలకు నాలుగుసార్లు, అదీ ఊరికి వెళ్లడానికే బండి తీసేవాళ్లకు మాన్యువల్ చాలు. రోజూ నగరంలో గంటన్నర కూర్చునేవాళ్లు ఏఎంటీ అయినా తీసుకోవడమే తెలివి.

సరకు బళ్ల సంగతి వేరు. మదనపల్లె మార్కెట్టుకు టమాటా పెట్టెలు వేసుకెళ్లే పికప్పులు, ట్రాలీలు దాదాపు అన్నీ మాన్యువలే. ధర తక్కువ, దారిలో ఆగితే ఏ ఊళ్లోనైనా మెకానిక్కు దొరుకుతాడు, బ్యాటరీ డౌనైతే నలుగురు కలిసి తోసి స్టార్టు చేయొచ్చు. ఆటోమేటిక్కును తోస్తే స్టార్టు కాదు, జంపర్ కేబుళ్లు కావాల్సిందే. అయితే బరువుకు ఆటోమేటిక్ పనికిరాదన్నది మాత్రం అపోహ. 2022లో మన దేశంలోకి వచ్చిన టయోటా హైలక్స్ పికప్పులో మాన్యువల్‌కు 420 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, ఆటోమేటిక్‌కు 500 ఇచ్చారు. అమెరికాలోనైతే ఫోర్డ్ ఎఫ్-150 పికప్పు 2008 మోడలు తర్వాత మాన్యువల్‌లో రానే లేదు. అక్కడ కారు నేర్చుకున్న మన పిల్లలు సెలవులకు వచ్చి, నాన్నగారి కారు ఎక్కి, వీధి మలుపులోనే నాలుగుసార్లు ఇంజను ఆపేసుకోవడానికి కారణం ఇదే.

లైసెన్సు విషయంలో బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష పాసైనవాళ్లు మాన్యువల్ నడపకూడదు. మన దగ్గర కార్లకు అలాంటి తేడా లేదు. టూవీలర్లకు మాత్రం 'గేరుతో', 'గేరు లేకుండా' అని వేరు చేస్తారు. అందుకే కోడలు నేర్చుకునేటప్పుడు మాన్యువల్ మీదే నేర్చుకుంటే ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తుంది. కొనేది మాత్రం రోజూ నడిపే మనిషికి నప్పేది కావాలి.

ఎడమకాలు జాగ్రత్త!

మాన్యువల్ నుంచి ఆటోమేటిక్కుకు మారినవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఎడమకాలితో వస్తుంది. ఏళ్ల అలవాటు కొద్దీ అది క్లచ్చి కోసం వెతుకుతుంది. దొరికేది వెడల్పాటి బ్రేకు పెడలు. క్లచ్చి నొక్కినంత బలంగా నొక్కితే బండి ఉన్నచోటే ఠక్కున ఆగుతుంది, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. ఒక కాలు బ్రేకు మీదా, ఒక కాలు యాక్సిలరేటరు మీదా పెట్టి నడిపితే ఇంకా ప్రమాదం. కంగారులో ఏది ఏదో తెలియదు. పార్కింగులో బండి ముందుకు దూకి గోడను గుద్దేది ఇలాగే. రెండు పెడళ్లకూ కుడికాలే. ఎడమకాలిని వెనక్కి మడిచి పెట్టుకోవాలి. మొదటి వారం ఖాళీ మైదానంలో తిప్పాలి. ఇంజను స్టార్టు చేసేటప్పుడూ, గేరు 'డి'లోకో 'ఆర్'లోకో వేసేటప్పుడూ కుడికాలు బ్రేకు మీద ఉండాల్సిందే.

ఎత్తు మీద ఆగినప్పుడు ఏఎంటీనీ, పొడి క్లచ్చి డీసీటీనీ యాక్సిలరేటరు తొక్కి నిలబెట్టకూడదు. క్లచ్చి కాలిపోతుంది. బ్రేకు నొక్కి పట్టుకోవాలి, లేదా హ్యాండ్ బ్రేకు వేయాలి. అందుకే టెస్ట్ డ్రైవును షోరూము ముందున్న సాఫీ రోడ్డు మీద కానిచ్చేస్తే లాభం లేదు. అపార్టుమెంటు సెల్లారు ర్యాంపు మీద సగంలో ఆపి, మళ్లీ ఎక్కించి చూడాలి. బండి ఎంత వెనక్కి జారుతుందో, ఎంత త్వరగా అందుకుంటుందో అక్కడ తేలిపోతుంది.

దిగేటప్పటి సంగతి ఆర్టీసీ తండ్రిగారిని అడగాలి. ఏ గేరులో ఘాట్ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. తిరుమల నుంచో అరకు నుంచో 'డి'లో వదిలేసి, బ్రేకు తొక్కుతూ వస్తే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఆటోమేటిక్కులోనూ దీనికి మార్గముంది. కొన్నిట్లో 'ఎం' అనీ, కొన్నిట్లో 'ఎల్' అనీ 'ఎస్' అనీ ఉంటుంది. అందులో పెడితే తక్కువ గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కొన్నవాళ్లలో చాలామంది ఆ అక్షరాన్ని ఒక్కసారైనా ముట్టుకోరు.

షోరూములో ఆ రోజు టెస్ట్ డ్రైవుకు కోడలు కూర్చుంది. పక్క సీట్లో తండ్రిగారు. ర్యాంపు మీద సగంలో ఆపించారు. 'బ్రేకు వదిలి గ్యాసు తొక్కమ్మా, భయపడకు' అన్నారు. బండి జానెడు వెనక్కి జారి, అందుకుని, పైకెక్కింది. రెండోసారి ఆవిడే ఆపి, ఆవిడే ఎక్కించింది. బుకింగు కాగితం రాసేటప్పుడు ఆయన అడిగింది ఒక్కటే. 'ఘాట్‌లో గేరు మన చేతికి వస్తుందా?' వస్తుందని కుర్రాడు 'ఎం' చూపించాడు. ఆయన కళ్లజోడు తీసి ఆ అక్షరాన్ని దగ్గరగా చూసి, 'అయితే రాయవయ్యా' అన్నారు.