సూరత్ ఓటరు ముఖం ఎవరికి కావాలి?

2024 ఏప్రిల్ 21న సూరత్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభాణీ నామినేషన్ తిరస్కరణకు గురైంది. ఆయనను ప్రతిపాదించినవారే ఆ సంతకాలు తమవి కావని ప్రమాణపత్రాలు సమర్పించారు. మరునాటికి మిగిలిన ఎనిమిది మంది అభ్యర్థులూ పోటీ నుంచి వైదొలగగా, భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఎన్నికైనట్లు ప్రకటించారు. మే 7న అక్కడ పోలింగ్ జరగలేదు. 16 లక్షలకు పైగా ఓటర్లను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇటువంటి వార్తకు థంబ్‌నెయిల్ ఎలా తయారవుతుంది? ఆ పని చూసినవారికి సూత్రం తెలుసు. 1280 పిక్సెళ్ల వెడల్పు, 720 పిక్సెళ్ల ఎత్తు గల చట్రంలో నోరు తెరిచిన ఒక ముఖం, ఎర్ర బాణం, పసుపుపచ్చ అక్షరాలలో మూడు మాటలు. ఫోను తెరపై అది బొటనవేలంత బొమ్మ. కనుక సంతకాల వివాదం, ప్రమాణపత్రాలు, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 53వ సెక్షన్ అందులో ఇమడవు. ఇమిడేవి రెండే: నవ్వుతున్న విజేత, మాయమైన పరాజితుడు. ఒక వర్గానికి ‘తొలి విజయం’, మరొక వర్గానికి ‘ప్రజాస్వామ్యం ఖూనీ’. రెండింటిలోనూ ఓటరు లేడు. పైగా మన భాష ఆ తంతుకు ‘ఏకగ్రీవం’ అనే గొప్ప మాటను సిద్ధంగా ఉంచింది. ఒక్క గొంతైనా పలకని చోట అందరి గొంతూ ఒక్కటైందని అర్థం చెప్పే మాట! పంచాయతీ ఏకగ్రీవాల చరిత్ర ఎరిగిన తెలుగువారికి దీని వ్యంగ్యం వేరుగా చెప్పనక్కరలేదు.

పత్రికల బ్యానర్ శీర్షికలు చేసిందీ ఇదే కదా అని మిత్రులు వాదిస్తారు. చిన్న చానెళ్లకు క్లిక్కులే జీతాలని కూడా అంటారు, అది నిజమే. కాని బ్యానర్ కింద వార్త అదే కాగితంపై ఉండేది. థంబ్‌నెయిల్ వార్తను విడిచి ఒంటరిగా తిరుగుతుంది. వీడియో తెరవకుండానే దాటిపోయేవాడికి ఆ బొమ్మే వార్త. అంతకంటె హానికరమైనది మరొకటి ఉంది: ముందు బొమ్మ ఊహించి, దానికి తగిన వార్తను వెతకడం. ముఖం లేని సంఘటన సంపాదకుని బల్ల మీదనే చచ్చిపోతుంది. థంబ్‌నెయిల్‌ను అలంకారమనడం కుదరదు; అది సంపాదకీయ నిర్ణయం, దానికి జవాబుదారీ సంపాదకుడే.

2024 డిసెంబరులో యూట్యూబ్ భారతదేశంలో దారుణమైన క్లిక్‌బెయిట్‌పై చర్యలు ప్రకటించింది. శీర్షిక, థంబ్‌నెయిల్ వాగ్దానం చేసినది వీడియోలో లేకపోతే, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో, ఆ వీడియోను తొలగిస్తామన్నది. మంచిదే. కాని సూరత్ బొమ్మలలో అబద్ధమేదీ లేదు. దలాల్ గెలిచిన మాట నిజం, కుంభాణీ కనిపించకుండా పోయిన మాట నిజం. వదిలివేసిన సత్యాన్ని పట్టుకునే నిబంధన ఆ కంపెనీ రాయదు. మూడు థంబ్‌నెయిళ్లను పోటీకి పెట్టి, ఏది ఎక్కువసేపు చూపించగలిగితే దాన్నే నిలిపే సాధనాన్ని నిర్మాతల చేతికిచ్చినది అదే.

ఎలాగూ బీజేపీయే గెలిచేదని కొందరి సమాధానం. 2019లో దర్శనా జర్దోష్ ఆధిక్యం దాదాపు 5.48 లక్షలు కనుక ఆ అంచనా తప్పు కాకపోవచ్చు. అయినా ఓడిపోయే ఓటు వేసే హక్కు, నోటా మీట నొక్కే హక్కు కూడా ఓటరువే.

ఆ బొమ్మలో ఏమి పెట్టవచ్చునో చెబుతాను: సూరత్ పటం. నగరం వేర్వేరు లోక్‌సభ స్థానాల మధ్య చీలి ఉంది. తెలుగు నేతకార్మిక కుటుంబాలు స్థిరపడిన లింబాయత్, దాని పక్కనున్న ఉధనా నవ్‌సారీ స్థానం కిందికి వస్తాయి. మే 7న అక్కడ పోలింగ్ జరిగింది. వరాఛా, కతార్‌గామ్ సూరత్ స్థానం కిందివి, అక్కడ జరగలేదు. ఒకే నగరపాలక సంస్థ, ఒకే ఎండ. గీతకు ఇవతలివారి వేలిపై సిరా, అవతలివారి వేలు ఖాళీ. బాణం గుర్తు పెట్టక తప్పదనుకుంటే ఆ గీత మీద పెట్టండి.