రాచకొండ ఎక్కిన సైకిలు

ముందే చెబుతున్నాను, నవ్వకూడదు. నలభై ఆరేళ్ళ వయసులో నేను ఇబ్రహీంపట్నం నుంచి రాచకొండకు సైకిలు మీద వెళ్ళి వచ్చాను. రానూపోనూ యాభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ.

సైకిలు మా అమ్మాయిది. అది హాస్టలుకి వెళ్ళిపోయాక మెట్ల కింద దుమ్ము పట్టి పడివుంది. ఎవరికైనా ఇచ్చేద్దామని తుడుస్తూంటే, హైస్కూల్లో మా నాన్న సైకిలు అడ్డతొక్కుడు తొక్కిన రోజులు గుర్తుకొచ్చాయి. పెళ్ళయ్యాక మళ్ళీ సైకిలు ముట్టుకుంటే ఒట్టు! మీలో చాలామందిదీ ఇదే కథ కదూ?

పాలవాడు రాకముందే లేచి పెద్దచెరువు వైపు తొక్కడం మొదలుపెట్టాను. ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటి చెరువు, మా ఊరి పేరూ ఆయనదే. నెల రోజులకి ధైర్యం వచ్చింది. మంచాల దాటి వెళ్తే రాచకొండ గుట్టలు కనబడతాయి, చూసొద్దాం అనుకున్నాను. మా అత్తమ్మ మాత్రం, "ఈ వయసుల సైకిలేందే? కాళ్ళిరిగితే ఎవరు జేస్తరు?" అంది. ఆవిడ కోపం కంటే ఆ రెండో ప్రశ్నే నన్ను ఎక్కువ భయపెట్టింది. నిజమే, మనం పడుకుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

మొదటిసారి భంగపడ్డాను. చదునుగా ఉన్న రోడ్డు మీద హుషారుగా తొక్కేసి, అదే ఊపుతో గుట్ట ఎక్కబోయాను. వంద గజాలు పోయానో లేదో గుండె గొంతులోకి వచ్చింది. కాళ్ళు కదలవు. దిగి రాయి మీద కూర్చుని ఏడ్చాను. స్కూటరు మీద వెనకాలే వస్తున్న మావారు పాపం ఏమీ అనలేదు. నీళ్ళసీసా ఇచ్చి అటు తిరిగి నిలబడ్డారు.

తప్పు కాళ్ళది కాదు, గేరుది. ఇది నాకు సైకిలు షాపు కుర్రాడు చెప్పాడు. ఎక్కుడు దారిలో గొలుసు ముందువైపు చిన్న పళ్ళచక్రం మీద, వెనకవైపు పెద్ద చక్రం మీద ఉండాలి. అప్పుడు కాళ్ళు ఎక్కువసార్లు తిరుగుతాయి, ఒక్కో తొక్కుకి బలం తక్కువ చాలు. బిందెడు నీళ్ళు ఒక్కసారి ఎత్తలేక చెంబుతో తోడుకుంటామే, అలాగన్నమాట. కానీ గేరు మార్చేది గుట్ట మొదలు కాకముందే. బరువు పడ్డాక మారిస్తే గొలుసు కటకటమని ఊడి కూర్చుంటుంది. ఇంకో సంగతి, నా సీటు బాగా కిందికి ఉంది. పెడలు అడుగుకి వచ్చినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలట. సీటు రెండంగుళాలు లేపించాక మోకాళ్ళ నొప్పి సగం పోయింది.

చున్నీ సంగతి మర్చిపోకండి. నడుముకి గట్టిగా ముడి వేయకపోతే గొలుసులోకి పోతుంది. నాది పోయింది కూడా. ఆ నల్లటి గ్రీజు మరకకి ముందు టాల్కం పౌడరు చల్లి కాసేపు ఉంచి దులిపి, తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో రుద్దండి.

ఈలోగా ఇటలీ ఆవిడ అల్ఫోన్సినా స్ట్రాడా గురించి చదివాను. కుట్టుపని చేసుకునే మనిషి. పెళ్ళికి భర్త ఆమెకు పందెం సైకిలే కానుకగా ఇచ్చాడట! 1924లో మగవాళ్ళతో కలిసి ఇటలీ దేశం చుట్టివచ్చే పోటీలో పాల్గొంది. దారిలో హ్యాండిలు విరిగితే చీపురు కర్ర కట్టి తొక్కిందని చెబుతారు. ఒకరోజు గడువు దాటి చేరడంతో పోటీ లెక్కలోంచి తీసేశారు. అయినా ఆపకుండా మిలాన్ దాకా తొక్కింది. ఇక 2024లో ఫ్రాన్సులో ఆడవాళ్ళ పోటీ ఇరవైయొక్క మలుపులున్న ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీద ముగిసింది. పోలెండు అమ్మాయి కాషా నివ్యాదోమా మొత్తం మీద నాలుగు సెకన్ల తేడాతో గెలిచింది. తమాషా ఏమిటంటే, ఆ రోజు కొండ మీదికి అందరికంటే ముందు చేరింది ఆమె కాదు!

రెండోసారి అక్టోబరులో వెళ్ళాను. సంచిలో నాలుగు పల్లీపట్టీలు, రెండు అరటిపళ్ళు, ఉప్పూ చక్కెరా కలిపిన నిమ్మకాయ నీళ్ళు పెట్టుకున్నాను. ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి. గుట్ట దగ్గర గేరు తగ్గించి, పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నిదానంగా తొక్కాను. మధ్యలో ఒకచోట దిగి నడిపించాను కూడా, సిగ్గేముంది? సీతాఫలాలు అమ్మే ముసలమ్మ, "ఇంత ఆయాసమెందుకు బిడ్డా, ఆటోల రాకపోయినవ్?" అంది. జవాబు తోచక రెండు డజన్లు కొన్నాను.

పైన పాడుబడ్డ కోట గోడలు, బండరాళ్ళు. పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని ఇది. రసార్ణవసుధాకరం రాసిన సింగభూపాలుడు ఆ వంశం వాడే. కోట ఇక్కడే ఎందుకు కట్టారో పుస్తకం చదివితే నాకు తెలియలేదు, తొక్కుకుంటూ వస్తే తెలిసింది. శత్రువు పైకి చేరేసరికి కత్తి ఎత్తే ఓపిక ఉండదు!

దిగేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. బ్రేకు ఒక్కటే నొక్కిపట్టి ఉంచకూడదు, వేడెక్కుతుంది. రెండూ నొక్కుతూ వదులుతూ, మలుపుకి ముందే నిదానించాలి. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా గుట్టల జోలికి వెళ్ళవద్దు.

పదకొండున్నరకి ఇంటికి చేరాను. అన్నం, పప్పు మావారే వండి పెట్టారు, పప్పులో ఉప్పు మరిచారు. అత్తమ్మ నా వైపు చూడకుండా సీతాఫలాలు ఒక్కొక్కటీ నొక్కి చూసి, పండినవి పక్కన పెట్టుకుంది. సాయంత్రం మెల్లిగా అడిగింది, "మళ్ళెప్పుడు పోతవ్? ఇంత చిన్నయి తేకు."