కార్డుపై పేరు, ఇంటిలో ఖర్చు

ఆరోగ్యశ్రీ పథకమును 2007వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన అవిభక్తాంధ్రప్రదేశమునందు మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభించిరి. తెల్లకార్డు గల కుటుంబమునకు ఏటికి లక్షన్నర రూపాయల వరకును, అవసరమైనచో మరి యేబదివేల వరకును పెద్ద చికిత్సల వ్యయమును ప్రభుత్వమే భరించునట్లు నిర్ణయించిరి. గుండెకు శస్త్రచికిత్స యన్నంతనే కూలివాని కుటుంబము ఆశ వదలుకొను దినములలో ఇది చిన్న మేలు కాదు. దానిని తక్కువ చేసి పలుకుట మా యభిమతము కాదు.

అయినను, నాటినుండి జరిగినదేమి? రాజీవునిపేర వెలసిన పథకము 2014 తరువాత ఆంధ్రప్రదేశమున ఎన్టీఆర్ వైద్యసేవ యయ్యెను. 2019 తరువాత వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ యయ్యెను, 2024లో మరల ఎన్టీఆర్ పేరు దాల్చెను. ప్రభుత్వము మారినప్పుడెల్ల కార్డు మారెను, బొమ్మ మారెను, బోర్డుల రంగు మారెను. రోగము మాత్రము మారలేదు. పేర్ల పందెముతోపాటు అంకెల పందెమును సాగినది. 2023 డిసెంబరు నెలలోనే తెలంగాణమున పరిమితిని పది లక్షలకును, ఆంధ్రప్రదేశమున ఇరువదియైదు లక్షలకును పెంచిరి. మొదట భీమా కంపెనీద్వారా నడచి, పిదప ట్రస్టు చేతికి వచ్చిన ఈ పథకమున కొంత భాగమును మరల భీమా కంపెనీల కప్పగించుటకు 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ మంత్రివర్గము సమ్మతించినది.

పాఠకులలో ఎందరి యిండ్లలో ఇరువదియైదు లక్షల చికిత్స జరిగినది? ఎందరి యిండ్లలో నెలనెలా చక్కెరవ్యాధికిని రక్తపుపోటునకును మాత్రలు కొనుచున్నారు? పథకము ముఖ్యముగా ఆసుపత్రిలో చేరినవానికే. చేరకముందు డాక్టరు ఫీజు, రక్తపరీక్ష, స్కానింగు, మందుల చీటీ, పట్టణమునకు పోయివచ్చు బస్సుచార్జీ, పోయిన కూలి, ఇవి చాలవరకు రోగియే పెట్టుకొనవలసివచ్చును. ప్రాథమికారోగ్యకేంద్రమున మాత్రలు దొరకిన నెల గడచును. దొరకని నెల మందుల దుకాణమే గతి. మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము. దావాకు వచ్చు ప్రామిసరీ నోట్లలో "నా కుటుంబ ఖర్చుల నిమిత్తము" అని వ్రాసియుండును. ఆ ఖర్చేమని ప్రతివాది నడిగినచో, మూడింట నొకసారియైనను రోగమే బయటపడును.

దేశమంతటి లెక్కలను జూడగా కొంత యూరట లేకపోలేదు. ఆరోగ్యవ్యయములో ప్రజలు తమ జేబునుండి పెట్టు భాగము 2013-14లో నూటికి 64.2 గా నుండగా, 2021-22 నాటికి 39.4 కు దిగినదని జాతీయ ఆరోగ్యలెక్కలు చెప్పుచున్నవి. దిగినను, నూటికి నలుబది రూపాయలు రోగియే పెట్టుకొనుట అల్పమా? వ్యక్తిగత ఆరోగ్యభీమాపై నున్న నూటికి 18 పన్నును 2025 సెప్టెంబరు 22నుండి తీసివేసిరి. ఇది ప్రీమియము కట్టగల మధ్యతరగతికి మేలు. కట్టలేనివానికి వార్త మాత్రమే.

మా యభ్యంతరమునకు మూలము వేరొకటి గలదు. ఈ పథకములన్నియు ప్రభుత్వోత్తరువులపై నిలిచినవి, శాసనముపై కాదు. ఉత్తరువును ఒక సంతకము మార్చగలదు. అమెరికాలో 2010లో ఆరోగ్యభీమా సంస్కరణమును చట్టముగా చేసిరి. ప్రత్యర్థిపక్షము అధికారమునకు వచ్చి 2017లో దానిని రద్దుచేయబూనినపుడు, సెనేటులో బహిరంగముగా వోటు వేయవలసివచ్చెను. 49కి 51 వోట్లతో ఓడిపోయెను. మనదేశముననే రాజస్థానము 2023లో ఆరోగ్యహక్కు చట్టమును చేసినది. అత్యవసరవేళ ప్రభుత్వాసుపత్రి చికిత్స నొసగకుండుట జీవించు హక్కునకు భంగమని 1996లోనే సుప్రీంకోర్టు పశ్చిమబంగాళపు కేసులో తీర్పు చెప్పియున్నది. హక్కునకు దారి కలదు; దయాదానముగా నుంచుటయే పార్టీలకు లాభము. చట్టముపై బొమ్మ వేయుట కష్టముగదా!

బకాయిలు చెల్లలేదని ఆసుపత్రులు సేవలు నిలిపినప్పుడు, కార్డు చేతబట్టుకొని గుమ్మమున నిలిచినవానికి నేడు అడుగుటకు ఆధారము లేదు. కావున రెండు శాసనసభలును ఈ పథకమును చట్టముగా చేయవలయును. ఆసుపత్రికి సొమ్ము చెల్లించు గడువును, గడువు తప్పినచో వడ్డీని అందు వ్రాయవలయును. దీర్ఘరోగముల మందులను చేర్చవలయును. పేరు ఏ నాయకునిదియు కారాదు. మా నియోజకవర్గపు సభ్యునకు ఈ మాటలే వ్రాసి పంపితిమి. ప్రత్యుత్తరము వచ్చిన ఈ పుటలోనే ప్రకటింతుము.